ఇంకోసారి ఇయ్యండి

మార్కాపురంలో చాలాకాలం పెళ్ళిళ్ళు నిత్యానందం చేతికింద నడిచాయి. భుజాన వీడియో కెమెరా పెట్టుకుని ఆయన ఎడమచెయ్యి పైకెత్తితే పంతులు మంత్రం ఆపేవాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అట్లనే వంగి ఉండేవాడు. "ముఖం పడలేదు, ఇంకోసారి నాయనా" అనేవాడు నిత్యానందం. మళ్ళీ చేసేవాళ్ళు. మా అక్క పెళ్ళిలో తలంబ్రాలు ఇంకోసారి పోయించాడు. ఎవరూ తప్పు పట్టలేదు. క్యాసెట్లో అందరి ముఖాలూ ఉన్నాయి, చచ్చిపోయిన మా తాతతో సహా.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏటికి ఆయనకు పెళ్ళిళ్ళు దాదాపు ఆగిపోయాయి. ఒంగోలు నుంచి కుర్రాళ్ళు డ్రోన్లతో వస్తున్నారు. స్టూడియోలో సగం చోటు ఆయన భార్య సుబ్బులు కుట్టుమిషన్‌కి పోయింది. ఆమె తమ్ముడు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ కావాలంటే బావ పేరు చెప్పి ఉంచాడు.

"నేను వాచ్‌మన్‌నా?" అన్నాడు నిత్యానందం.

"కాకపోతే ఏంది చెప్పు. ఉగాది దాకా చూస్తా, తర్వాత షట్టర్ దించుతా" అన్నది సుబ్బులు.

కొత్త రాజధాని పేరు చెప్పి రోజుకో చానల్ పుడుతున్న రోజులవి. అట్లాంటిదొకటి మా ఊళ్ళో కల్యాణమండపం అద్దెకు తీసుకుని లైవ్ టీవీ పని నేర్పే క్యాంపు పెట్టింది. చివర్లో ఒకరిని మార్కాపురం కెమెరామన్‌గా తీసుకుంటామన్నారు. డిగ్రీ చదివి ఊరికే తిరుగుతున్న మాలాంటివాళ్ళం చేరాం. మా మధ్య యాభై ఏళ్ళ నిత్యానందం వచ్చి కూర్చున్నాడు, తాను ఎన్నో పెళ్ళిళ్ళు తీసిన ఆ మండపంలోనే.

నేర్పడానికి విజయవాడ నుంచి వచ్చినాయన చంద్రశేఖరరావు. మూడు కెమెరాలు, వాటి బొమ్మలన్నీ ఒకచోట కనిపించే మిక్సర్ బల్ల, చెవులకు హెడ్‌సెట్లు. ఆయన ఏ కెమెరా బొమ్మ తీసుకుంటే దాని నెత్తిన ఎర్రలైటు వెలుగుతుంది. వెలిగిందంటే ఇళ్ళల్లో ఆ బొమ్మే కనిపిస్తున్నట్టు. అప్పుడు కదలకూడదు, నోరెత్తకూడదు.

నిత్యానందం బాగానే చేశాడు. ఆయన చెయ్యి వణకదు. ఆయన కెమెరాకి కేబుల్ లాగే పని నాది, దగ్గర్నుంచి చూశాను. మధ్యాహ్నాలు మోకాళ్ళు పట్టేసి మెట్లమీద కూర్చునేవాడు. "ఈ పని దొరికితే చాలబ్బాయ్, ఈ ఊళ్ళోనే ఉండిపోతా" అనేవాడు. ఆ ఆశ చూస్తే నాకు చిరాకేసేది.

ఆఖరి రోజు పరీక్ష. ఊరి బయట ఎడ్ల బండలాగుడు పోటీని లోకల్ కేబుల్లో లైవ్ ఇయ్యాలి. ఎండ, దుమ్ము. పోటీ అంతా నిత్యానందం బొమ్మ ఒక్కసారీ చెదరలేదు. చంద్రశేఖరరావు హెడ్‌సెట్లో రెండుసార్లు "గుడ్" అన్నాడు.

చివర బహుమతి. గెలిచిన ఎడ్లు అర్ధవీడు పుల్లయ్యవి. షీల్డు ఇచ్చేది బియ్యం మిల్లు సుందరరామయ్య. నిత్యానందం కెమెరా మీద ఎర్రలైటు వెలిగింది. సరిగ్గా షీల్డు చేతులు మారేప్పుడు దండ పట్టుకున్న ఒకాయన అడ్డంగా నిలబడ్డాడు. పుల్లయ్య ముఖం పడలేదు.

నిత్యానందం హెడ్‌సెట్ మెడమీదికి జార్చాడు. ఎడమచెయ్యి పైకి లేచింది.

"సుందరరామయ్య గారూ, ఇంకోసారి ఇయ్యండి. పుల్లయ్య మామా, తల ఎత్తు."

స్టేజీ మీద ఎవరూ ఆశ్చర్యపోలేదు. పుల్లయ్య షీల్డు వెనక్కిచ్చాడు. సుందరరామయ్య మళ్ళీ ఇచ్చాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి, ఇటు చూసి." ఇంకోసారి ఇచ్చారు. ఊరంతా టీవీల్లో చూసింది. మెడలో వేలాడుతున్న హెడ్‌సెట్లోంచి చంద్రశేఖరరావు అరుపులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆయన కోపం దిగాక మెల్లగానే అడిగాడు. "ఏవండీ, లైవ్‌లో ఇంకోసారి ఉండదని వారం నుంచి చెబుతున్నాను కదండీ."

"ముఖం పడలేదు సార్."

"పడకపోతే పోతుంది."

"పోతే ఎట్ల సార్? రేపు వాళ్ళింట్లోవాళ్ళు నన్ను కదా అడిగేది."

పని మాతోపాటు క్యాంపులో ఉన్న దర్శి కుర్రాడికిచ్చారు. వాడు ఎడ్లు పరిగెత్తుతున్నా కెమెరా తిప్పేవాడు కాదు. అయినా చెప్పిన మాట విన్నాడు. అది చాలన్నారు. టీ బంకు దగ్గర మాత్రం కొన్నాళ్ళు నిత్యానందాన్ని వదల్లేదు. "మామా, గ్లాసు వెనక్కియ్యి, ఇంకోసారి ఇస్తా." ఆయనా నవ్వేవాడు. పుల్లయ్య ఒక్కడే స్టూడియోకి వచ్చి ఆ బొమ్మ కావాలని అడిగాడు. మూడోసారి ఇచ్చింది బాగా వచ్చిందని ఇంట్లో అన్నారంట. అది చానల్ వాళ్ళ దగ్గరే ఉండిపోయిందని చెప్పాల్సి వచ్చింది.

ఉగాది వెళ్ళాక సుబ్బులు షట్టర్ దించింది.

పోయినేడు హైదరాబాదులో ఇంటర్వ్యూకి పోయి, ఉద్యోగం రాక, ఆ అపార్ట్‌మెంటులో వాళ్ళ గదికి వెళ్ళాను. గేటు పక్కన సీసీ కెమెరాల చిన్న టీవీ ముందు నిత్యానందం కూర్చుని ఉన్నాడు. లిఫ్టు, మెట్లు, పార్కింగు, గేటు, నాలుగు బొమ్మలు. చిక్కిపోయాడు.

"ఇదీ లైవేనబ్బాయ్" అన్నాడు. "ఒక్కరూ ఇటు చూడరు."

సుబ్బులు టీ తెచ్చింది. ఇంతలో తెలియని కారొకటి గేటులోంచి దూసుకొచ్చింది. ఆయన లేచి ఎడమచెయ్యి పైకెత్తాడు.

కారు ఆగలేదు.