తక్కెడ ఓబులయ్య విగ్రహం

వంశచరిత్ర నవల రాద్దామనుకునేవాళ్లకు నాదొక మనవి. నవల రాసుకోండి, తప్పులేదు. ముందుమాట మాత్రం రాయకండి. నా కొంప ముంచింది నాలుగువందల పేజీల నవల కాదు, పేజీన్నర ముందుమాట. అది ఎంతగా ముంచిందంటే, ఈ రోజుకీ నంద్యాలలో మా చిన్నాయన అంగడి ముందు నుంచి తలెత్తుకుని నడవలేను. ఎందుకో ఇప్పుడే చెబితే మీరు చదవడం మానేసి చూడ్డానికి బస్సెక్కుతారు. కాస్త ఆగండి.

పదేళ్ల కిందటి మాట. రెండు కథలు అచ్చయ్యేసరికి భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని, ఎవరు పలకరించినా ఆకాశం వైపు చూసి జవాబిచ్చే దశలో ఉన్నాను. మా వంశం మీద పెద్ద నవల రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే మాకు చరిత్ర లేదు. మా ముత్తాత ఓబులయ్య గురించి ఇల్లిల్లూ తిరిగి అడిగితే తేలింది ఇంతే: చింతపండు అమ్మాడు, పోయాడు. ఫోటో కూడా లేదు. ఆయన కోడలైన మా జేజిని, అంటే మా నాయనమ్మని అడిగితే, తాను కాపురానికి వచ్చేసరికే ఆయన లేడనీ, పనిలో పనిగా చింతపండు కూడా ఏమీ మిగల్లేదనీ చెప్పింది.

దీంతో నాలుగువందల పేజీలు ఎలా నింపాలి? అందుకని కల్పించాను. రుద్రవరం నుంచి చింతపండు బండ్లు వస్తుంటే అడవిదారిలో చిరుత అడ్డంపడినట్టు, ఓబులయ్య బండి మీంచి దూకి తక్కెడతోనే దాన్ని కొట్టి తరిమినట్టు, ఆ పోరులో చెయ్యి పోగొట్టుకున్నట్టు రాశాను. రాస్తుంటే నా ఒళ్లు నాకే జలదరించింది. ఆ వేడిలోనే ముందుమాటలో 'ఇందులోని ప్రతి అక్షరం మా ఇంటి నిజం' అని రాసి, కింద సంతకం కూడా గీకాను.

నవలను మా బంధువులెవరూ చదవలేదు. చిన్నాయన సుబ్బయ్య మాత్రం ముందుమాట, ఆ తర్వాత చిరుత ఉన్న అధ్యాయం చదివాడు. ఆయనది కిరాణా అంగడి. నెమ్మదైన మనిషి. ఆయన వియ్యంకుడు మాత్రం ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా, మా తాత సత్రం కట్టించాడు, మా తాత గుర్రమెక్కి తిరిగాడు అని మొదలుపెట్టేవాడు. అప్పుడల్లా చిన్నాయన తలవంచుకుని, కలిపిన అన్నమే మళ్లీ కలుపుకునేవాడు. అలాంటి మనిషి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"మాకు చెప్పుకునేకి తాత లేడనుకుంటి గదరా. ఉండాడు. నువ్వు తెచ్చిస్తివి."

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నా రాత చదివి ఒక మనిషి ఏడవడం అదే మొదలు. ఆ సంతోషం చెడగొట్టుకోవడానికి మనసు రాక, నోరు మూసుకుని వినయంగా నవ్వాను. వారం తిరిగేలోపు చిన్నాయన ఆళ్లగడ్డకు పోయి, ఓబులయ్య నిలువెత్తు రాతి విగ్రహం చెక్కమని చెప్పి వచ్చాడు. అంగడి ముందే నిలబెడతాడట. ముహూర్తం పెట్టించి, వియ్యంకుడికి స్వయంగా పోయి మరీ చెప్పాడు. ఇక ఓబులయ్య అబద్ధమని తేలితే చిన్నాయన బతికున్నన్నాళ్లూ ఏ పంక్తిలోనూ కూర్చోలేడు. శిల్పికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడగమన్నాడు.

శిల్పి మౌనాచారి నన్ను పిలిపించాడు. సగం చెక్కిన నందుల మధ్య, రాతిపొడిలో తెల్లబడి కూర్చున్నాడు. పక్కన నా నవల, పేజీపేజీకీ పెన్సిల్ గీతలు. నా నవల మొదటి నుంచి చివరిదాకా చదివిన ఒకే ఒక్క మనిషి ఆయనే. ఇష్టపడి కాదు, కొలతల కోసం.

"యా చెయ్యి తీసేయాల, చెప్పు" అన్నాడు.

"కుడి చెయ్యి" అన్నాను దర్జాగా.

"నాలుగో అధ్యాయంలో కుడిదే పోయింది. తొమ్మిదిలో ఆ చేత్తోనే మీసం దువ్వినాడు. పదమూడులో ఎడమది పోయి చానా ఏండ్లాయె అంటివి. ఇరవైలో మనవడిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. కాయితం మింద చేతులు మొలుస్తాయేమోనప్పా, రాతికి మొలవవు."

దొంగ దొరికిపోయాడు. నందుల సాక్షిగా నిజమంతా కక్కేశాను. ఆయన ఉలి ఆపకుండా విని, అట్లయితే చిరుత అడ్డంపడక ముందటి ఓబులయ్య అని చెప్పి రెండు చేతులూ ఉంచేస్తానన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మొహం ఏదని అడిగాడు. ఏదో ఒక మొహం చెక్కెయ్యమన్నాను.

"దేవుళ్లయితే చూడకనే చేస్తా, వాళ్లకు కొలతలుండాయి. మనిషికి ఫోటో కావాల. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి."

అక్కడ చిన్నాయన రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి తాత ఫోటో దొరికిందా అంటాడు. చివరికి నంద్యాలలో ఒక స్టూడియోకు పోయి, నాటకాలవాళ్ల తలపాగా చుట్టి, పెట్టుడు మీసం అంటించి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి దిగాను. ఫోన్‌లో వాటిని వందేళ్లు ముసలివి చేశాను. అచ్చు తీయించాక, మరీ కొత్తగా ఉన్నాయని టీ కూడా ఒలకబోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మౌనాచారి ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"మీసం ఒకపక్క ఊడొస్తాంది. సరిజేసి చెక్కుతాలే" అన్నాడు.

ముహూర్తం రానే వచ్చింది. బంధుబలగమంతా అంగడి ముందు చేరింది. వియ్యంకుడు ముందు వరుసలో, తప్పులు వెతకడానికే వచ్చినట్టు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. చిన్నాయన గుడ్డ లాగాడు.

నేనే. మసక ఫోటోలోంచి ఆ మహానుభావుడు ఏమీ వదల్లేదు. నా కనుబొమ మీది గాటు, గడ్డం మీది పులిపిరి, ఆఖరికి ముక్కు మీద నా కళ్లద్దాలు పెట్టిన నొక్కులు కూడా రాతిలో దించాడు. నేను, నా పక్కన తక్కెడ పట్టుకుని నేను. చిన్నాయన విగ్రహాన్ని చూశాడు, నన్ను చూశాడు. అంత మంచి మనిషి పరువు నా చేతులారా తీశానని నిజంగానే ఏడుపొచ్చింది. తప్పు ఒప్పుకుందామని "చిన్నాయనా..." అన్నాను.

అంతలో జేజి కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, రాతిగడ్డం తడిమి చూసింది.

"మా మామే. అచ్చం ఇట్లే ఉండె. కాపురానికొచ్చిన దినం నాకు బెల్లం పెట్టినాడు."

తాను వచ్చేసరికే ఆయన లేడన్నది ఈ జేజే. బంధువులంతా దండాలు పెట్టారు. ఇక మిగిలింది వియ్యంకుడు. ఆయన విగ్రహం చుట్టూ తిరిగాడు. నా ఎదురుగా ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. అయిపోయిందనుకున్నాను.

"ఏం కళ బావా ఆ మొహంలో. ఒకటే లోటు. మీ ఇంట్లో ఒక్కనికీ ఆ పోలిక రాకపాయె" అన్నాడు.

చిన్నాయన నా గడ్డం పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. విగ్రహంతో పోల్చి చూసి నిట్టూర్చాడు.

"వీనికైతే మరీ రాలేదు. తాత ముక్కు చూడు, వీని ముక్కు చూడు."

అందరూ చూశారు. అవునన్నారు. మౌనాచారి తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు. చిన్నాయన నా మెడ వంచి, తాత కాళ్లకు మొక్కి ఆయన బుద్ధుల్లో పిసరంతైనా ఇమ్మని అడగమన్నాడు.

అలా నా కాళ్ల మీద నేనే పడి, ఆ చల్లటి రాతి పాదాలు రెండు చేతులా పట్టుకుని, భూమ్యాకాశాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇంకే పుస్తకానికీ ముందుమాట రాయను. రాయక తప్పకపోతే, ఇందులో నిజమన్నది నా సంతకం ఒక్కటేనని రాస్తాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కావాలంటే నంద్యాల వచ్చి చూడండి, అంగడి ముందు రెండు కాళ్ల మీదా నిలబడే ఉన్నాను. వచ్చేటప్పుడు మాత్రం చెప్పులు విడవండి. నా చేత కూడా విడిపిస్తున్నాడు మా చిన్నాయన.