పంతొమ్మిదో నంబరు ఇల్లు

ఉద్యమ నాయకుడు కాకముందు ఆయన సర్కారు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం పని. కాగితంలో తప్పు కనబడితే దిద్దేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. పెళ్ళి కార్డు చేతికిచ్చినా ముందు తప్పులు వెతికి, ఆ తర్వాతే పెళ్ళెవరికని అడిగేవాడు. ప్రెస్సులో అందరూ 'దిద్దుబాటు' అని పిలిచేవారు. అది వెక్కిరింతని తెలిసీ మురిసిపోయేవాడు, ఏం చెప్పమంటారు!

ఆయనది పదిహేడో నంబరు ఇల్లు, వీధిలో ఆ వరసంతా బేసి నంబర్లే. పక్కనే పంతొమ్మిదిలో ఆయనకు అక్షరాలు నేర్పిన మాస్టారు ఉండేవారు. పరాయి పాలన పోవాలని మాస్టారు నలుగురిలో గొంతెత్తి అనేవారు.

"మనకెందుకండీ మాస్టారూ ఈ గొడవలు?" అని మనవాడు చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. రహస్య కాగితం వస్తే దాన్ని అడ్డంగా ముక్కలు కోసి, మనిషికొక ముక్క ఇస్తారు. మొత్తం సంగతి ఎవరికీ తెలియదు. ఒకరోజు ఈయన ముక్కలో వట్టి పేర్లు, ఇంటి నంబర్లు వచ్చాయి. వాటిలో మాస్టారి పేరుంది. పక్కన పదిహేడు అని ఉంది.

"ఇదెక్కడి చోద్యం, ఇది మా నంబరు కదా!" అని నవ్వుకున్నాడు. ఆ పేర్లెందుకని అడగలేదు. అచ్చు వేసి చూసుకునే ప్రూఫు మీద ఎర్ర సిరాతో పదిహేడు కొట్టేసి పంతొమ్మిది వేశాడు. ఫోర్‌మన్ వీపు తట్టి, "కళ్ళంటే నీవే!" అన్నాడు. ఆ ఒక్క మాటకి సాయంత్రందాకా నేలమీద నిలవలేదు.

నాలుగో రోజు సెలవు. కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటుంటే సిపాయిలు వచ్చారు. ఈయన గుమ్మంవైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా పంతొమ్మిదికి వెళ్ళారు. చొక్కా ఒక చెయ్యే తొడుక్కున్న మాస్టారిని లాక్కుపోయారు. ఆయన మళ్ళీ రాలేదు. పెరటి గోడ నడుం ఎత్తే. రెండు నిమిషాలు ముందు తెలిస్తే దూకి పోయేవారు.

మర్నాడు ప్రెస్సు గేటుకి ముక్కలన్నీ కలిపిన కాగితం అంటించారు. పైన 'పట్టుకోవలసినవారు' అని ఉంది. కింద తను దిద్దిన పంతొమ్మిది. తల కొట్టేసినట్టయింది. ఆయన్ని ఉద్యమంలోకి తోసింది కోపం కాదు, సిగ్గు. ఆ ప్రూఫు వెతికి దాచుకున్నాడు. ఆ వారం నుంచే టిఫిను క్యారియరు అడుగు గిన్నెలో సీసపు అక్షరాలు బయటికి దాటించి కరపత్రాలు వేశాడు. సమ్మె చేయించాడు. ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నాడు. వచ్చేసరికి నాయకుడయ్యాడు.

"మాస్టారి అరెస్టే ఈయన కళ్ళు తెరిపించింది" అని ప్రతి సభలోనూ చెప్పేవారు. ఆయన తల దించుకునేవాడు. అబ్బ, ఎంత వినయమో అనుకునేవారు జనం. ఎవరి తప్పూ వదలని మనిషి, ఈ ఒక్కటీ దిద్దలేదు.

పరాయివాళ్ళు పోయాక మాస్టారి పేరున పెద్ద సభ పెట్టారు. ఆయన్ని వేదిక మీదికి పిలవాల్సింది మాస్టారి భార్య. చిన్నప్పటినుంచీ ఆవిడ ఆయనకు పిన్ని. ఆవిడ నోట తన పొగడ్త వినడానికి ముఖం చెల్లలేదు. ముందురోజు మధ్యాహ్నమే వెళ్ళి, నలిగిన ప్రూఫు ఆవిడ ముందు పెట్టాడు.

"దిద్దింది నేనే పిన్నీ. తప్పు పడిందనుకున్నా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కొట్టేసిన పదిహేడు మీద వేలు పెట్టింది.

"తప్పు కాదురా అది. జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళకి మీ మాస్టారే కావాలని పదిహేడు రాయించారు. ఎప్పుడో ఒకప్పుడు ఆ లెక్కలు పట్టుకుని సిపాయిలు వస్తారని ఆయనకి తెలుసు. ముందు నీ తలుపు కొడతారు, నువ్వో కేక వేస్తావు, ఈలోగా గోడ దూకొచ్చు అనుకున్నారు."

"నాతో ఒక్క మాట అనలేదే!"

"వాడికి చెప్పక్కర్లేదన్నారు. వాడు నా పిల్లాడే, కేక వేస్తాడన్నారు."

ఆవిడ పక్కన కూర్చోమనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. కాగితాన్ని పాత మడతలమీదే మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"రేపు నిన్ను నేనే పిలుస్తాను. వేదిక ఎక్కి ముందు ఇది చదువు. ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు."