పన్నెండో దిమ్మ

నా చిన్నప్పుడు మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ల అన్న, మాదన్నపేటలో ఒక మిల్లింగ్ షెడ్డులో పనిచేసేవాడు. ఇనుప దిమ్మను మిషన్‌కు బిగించి, తిరిగే కట్టరుతో వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం ఆయన పని. నాకు పదేళ్లు. బడి లేని రోజంతా అక్కడే ఉండేదాన్ని. చూసి చూసి అంతా వచ్చేసిందనే పొగరు కూడా ఉండేది.

చెక్కుతుంటే ఇనుము కాగి ఉబ్బుతుంది. అందుకని షెడ్డులో ఒక్కో దిమ్మను ముతకగా చెక్కి, చల్లారేదాకా ఊరికే కూర్చుని, తర్వాత నున్నగా చెక్కేవారు. ముందు అన్నిటినీ ముతకగా చెక్కేస్తే, చివరిది అయ్యేసరికి మొదటిది చల్లారి ఉంటుంది కదా అనేవాడు పెద్దబాపు. నెలల తరబడి బతిమాలితే, పన్నెండు దిమ్మలతో చేసి చూపమన్నాడు షెడ్డు యజమాని సేఠు. కుదిరితే షెడ్డంతా అదే పద్ధతి, పెద్దబాపే మేస్త్రీ. ఒక్కటి తప్పినా మళ్లీ ఆ మాట ఎత్తొద్దన్నాడు.

ఆ రోజు పన్నెండోది ముతకగా చెక్కి, మిషన్ మీదే వదిలి, పెద్దబాపు చాయ్‌కి వెళ్లాడు. పని అయ్యాక బతుకమ్మ పూలకు తీసుకుపోతానన్నాడు. నాకా, ఆగే ఓపికెక్కడిది! స్విచ్ వేసి, చక్రం మీద ఆయన సుద్దతో పెట్టుకున్న గుర్తు దాకా పిడి తిప్పి చెక్కేశాను. దిమ్మ తళతళలాడింది. ఎంత సంబరపడ్డానో!

ఆయన వచ్చి ముట్టుకున్నాడు. చుర్రుమంది.

"ఏంది బిడ్డా, గిట్ల చేసినవ్" అన్నాడు, అంతే. చల్లారిన మిగతా పదకొండూ తానే నున్నగా చెక్కాడు.

సాయంత్రం సేఠు కొలిచాడు. పదకొండూ సరిగ్గా వచ్చాయి. వేడి మీద చెక్కిన పన్నెండోది చల్లారాక కుంచించుకుని కొలతకు తక్కువైంది.

"క్యా భాయ్, ఇదేనా నీ కొత్త తరీకా?"

"నాదే గల్తీ సేఠ్. తొందరపడ్డ" అన్నాడు పెద్దబాపు.

"ఛోడో. పాత లెక్కనే చెయ్యి."

నేను పక్కనే ఉన్నాను. నేనే చేశానని ఒక్క మాట అంటే సరిపోయేది. దారిలో ఏడుస్తుంటే, ఫికర్ చెయ్యకని ఆయనే నన్ను ఊరుకోబెట్టి, ఒడినిండా తంగేడు పూలు పోయించాడు. తర్వాత ఒక రోజు ఓ పాత దిమ్మ మీద నా అరచేయి పెట్టించి, "సల్లగుందా? ఇగ తిప్పు" అని పిడి నా చేతికే ఇచ్చాడు.

ఆయన మేస్త్రీ కాకుండానే పని మానేశాడు. పనికిరాదని ఆయన ఇంటికి తెచ్చిన ఆ పన్నెండో దిమ్మ ఇప్పుడు మా వంటింట్లో, పచ్చడి జాడీ మూత మీద బరువుగా ఉంటుంది. తీసినప్పుడల్లా చేతికి చల్లగా తగులుతుంది. సేఠు ముందు ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడు గట్టిగానే అనగలను. వినడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు.