ప్రాగ్ వీధిలో మంద

ముందే చెప్తున్నాను... ఇది అల్లిన కథ కాదు. నా పిల్లలిద్దరి మీద ఒట్టు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను చెప్పను.

మార్కాపురంలో మాకు మందుల దుకాణం ఉంది. కౌంటర్లో కూర్చునేది నేనే. గాలి సోకిందని ఏడుస్తూ వచ్చినవాళ్లకు జ్వరం బిళ్లలిచ్చి, మజ్జిగ తాగి పడుకోమని పంపే మనిషిని. దయ్యం మాటెత్తితే మా ఆయన కంటే ముందు నేనే పకపకా నవ్వుతాను. అలాంటి నాకు జరిగింది. పోనీ మన ఊరి శ్మశానం పక్కన జరిగిందా అంటే, అదీ కాదు... ప్రాగ్‌లో. యూరప్‌లో. మీకు నమ్మకం కుదరకపోయినా నేను తప్పుపట్టను.

మా నాయన సంగతి చెప్పకపోతే మీకు ఏదీ అర్థం కాదు. పెద్దారవీడు దగ్గర పల్లె మాది. ఆయన బతుకంతా గొర్రెల వెంటే. ఎండాకాలం నల్లమల అంచున మేపడం, కోతలయ్యాక రైతుల చేలల్లో ఎరువు కోసం మంద కట్టడం, రాత్రి మంద పక్కనే గొంగడి పరుచుకుని పడుకోవడం. ఆ గొర్రెల మీదే నన్ను బీఫార్మసీ చదివించాడు. నిరుడు మోకాళ్లు పూర్తిగా మొండికేశాయి. మా అమ్మ అంతకుముందే పోయింది. మంద అమ్మేసి ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాను. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. దుకాణం ముందు కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తుండేవాడు. నా కళ్ల ముందే చేజారిపోతున్నాడని భయం పట్టుకుంది.

అందుకే యూరప్ టూరు బుక్ చేశాను. "తిరుపతి తీసుకుపోతే చాలదా?" అన్నాడు మా ఆయన. నేను ఎప్పుడు విన్నాను గనక! పిల్లల్ని, దుకాణాన్ని ఆయనకు అప్పగించి, నాయన్ని వెంటబెట్టుకుని విమానం ఎక్కేశాను. హైదరాబాదు నుంచి వెళ్లిన బృందం మాది, బస్సు నిండా తెలుగువాళ్లే. చేతికర్ర పట్టుకుని, పంచె మీద స్వెట్టరు వేసుకుని మా నాయన ఒక్కడే వేరుగా కనిపించేవాడు.

ప్రాగ్‌లో దిగాం. ఊరు కట్టారా, చెక్కారా అనిపించింది. ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి మీదుగా ఆకాశంలోకి లేచిన సన్నటి శిఖరాలు. వీధుల నిండా పిడికిలంత రాళ్లు, ఒకదాని పక్కన ఒకటి పేర్చినవి. ఎన్ని వందల ఏళ్లుగా ఎంతమంది నడిచారో... నున్నబడి, పొద్దున పడ్డ వానకు మెరుస్తున్నాయి. ఓ గోపురానికి పెద్ద గడియారం ఉంది. గంటకోసారి చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరసగా కదిలిపోతాయి. పక్కనే అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది. జనమంతా ఫోన్లెత్తి పైకి చూస్తున్నారు. మా నాయన మాత్రం కిందికి చూస్తున్నాడు. చెప్పు విప్పి, ఆ రాళ్ల మీద అరికాలు ఆనించి చూశాడు.

"ఎవురు పరిచినారో గానమ్మా... ఒక్క రాయి కదలదు. చేసినోళ్ల చేతులకి దండం పెట్టాల" అన్నాడు.

ఆ తర్వాత రాతి వంతెన మీదికి పోయాం. అబ్బ, ఆ వంతెన! రెండు వైపులా వానకీ పొగకీ నల్లబడిన విగ్రహాలు, కింద వెడల్పాటి నది, నీళ్ల మీద తెల్లటి హంసలు. నాయన ఒక్కో విగ్రహం దగ్గరా ఆగి చేతులు జోడించాడు.

"వాళ్లు మన దేవుళ్లు కాదు నాయనా" అన్నాను.

"ఎవురి దేవుడైతే ఏందమ్మా? ఇంత దూరం వచ్చి పలకరించకుండా పోతే బాగుంటదా?" అన్నాడు.

పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని నెలలకు అన్ని మాటలు మాట్లాడాడో! ఆ రాత్రి అడిగి మరీ ఇంకో రొట్టె వేయించుకున్నాడు. ఈ ఊరికి నేను రుణపడిపోయాను అనుకున్నాను.

మా హోటలు ఆ పాత ఊళ్లోనే, ఓ ఇరుకు సందులో. పడుకోబోయే ముందు మా గైడ్ అబ్బాయి అందరికీ ఒక హెచ్చరిక చేశాడు. రాత్రిపూట వీధుల్లో గట్టిగా మాట్లాడొద్దు, ఇక్కడివాళ్లు నిద్ర చెడితే పోలీసుల్ని పిలుస్తారు అని. అలా అంటూ మా నాయన వైపే చూశాడు. కొండల్లో అరిచి అరిచి పెరిగిన గొంతు కదా, ఆయన గుసగుస కూడా పక్క గదికి వినపడుతుంది.

పడుకున్నాం.

ఎంతసేపైందో తెలియదు... చలికి మెలకువొచ్చింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. పడుకునే ముందు మూసింది నేనే, గుర్తుంది. పక్కకు తిరిగి చూశాను.

నాయన మంచం ఖాళీ.

బాత్రూమ్ తలుపు తట్టాను... లేడు. చెప్పులు లేవు. ఫోను బల్ల మీదే ఉంది. చేతికర్ర... గోడకు ఆనించి అక్కడే ఉంది. కర్ర లేకుండా ఇంట్లో వాకిలి దాకా పోలేని మనిషి! భాష రాదు. చదవడం రాదు. హోటలు పేరు కూడా తెలియదు. ఈ చలిలో, ఈ పరాయి దేశంలో మా నాయన ఎక్కడికి పోయినట్టు?

నైటీ మీద కోటు తగిలించుకుని కిందికి పరిగెత్తాను. రిసెప్షన్‌లో కుర్రాడు కునికిపాట్లు పడుతున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు, పెద్దాయన ఇప్పుడే తలుపు తీసుకుని పోయాడట. చాలా వేగంగా పోయాడట.

వేగంగానా? మా నాయనా?

సందులో ఎవరూ లేరు. పసుపు దీపాలు... పల్చటి మంచు... తడి రాళ్లు. పగలు అంత ముచ్చటగా కనిపించిన వీధి అదేనా అనిపించింది. ఏ వైపు పోవాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు... దూరంగా... ఆయన గొంతు.

"త్రుర్ర్‌ర్... హెయ్... హెయ్..."

ఆ అదిలింపు నాకు తెలుసు. దారి తప్పిన గొర్రెల్ని మళ్లించేటప్పుడు చేసే శబ్దం. గొంతు వినపడ్డ వైపు నడిచాను. ఒక మలుపు. ఇంకో మలుపు. గొంతు ఎప్పుడూ అంతే దూరంలో ఉంది.

అక్కడ... ఇక్కడే మీరు నా మాట నమ్మాలి... ముందు వాసన వచ్చింది.

తడిసిన బొచ్చు వాసన. పెంటికల వాసన. ఆ వాసనలోనే కదా నేను పెరిగింది, పొరబడతానా? కాళ్లు ఆగిపోయాయి. తర్వాత చప్పుడు. నా వెనక నుంచి. రాళ్ల మీద చిన్న చిన్న డెక్కలు... టికటిక టికటిక... ఒకటి కాదు, రెండు కాదు. రేకుల మీద వాన పడ్డట్టు. మధ్యలో ఎక్కడో ఓ గంట... టణ్... ఆగి, మళ్లీ... టణ్.

వెనక్కి తిరిగి చూశాను.

ఏమీ లేదు. ఖాళీ సందు. దీపం. మంచు.

చప్పుడు మాత్రం దగ్గరికొస్తోంది.

నేను గోడకు అతుక్కుపోయాను. ఆలోచించి చేసింది కాదు. మంద వస్తుంటే పక్కకు తప్పుకోవడం చిన్నప్పటి అలవాటు, ఒంటికి తెలుసు. చప్పుడు నా ముందుకొచ్చింది... నన్ను దాటుతోంది... దాటుతూనే ఉంది. గాలి లేదు. అయినా నైటీ అంచు అటూ ఇటూ కదిలింది. తర్వాత... నా మోకాలికి ఏదో తగిలింది. వెచ్చగా. మెత్తగా. ఒక్క క్షణం ఆనుకుని... బరువంతా మోపి... ముందుకు జరిగిపోయింది.

రెండు అరచేతులూ గోడకు ఆనించి అలాగే నిలబడ్డాను.

చప్పుడు సందు చివరికి పోయి, మలుపు తిరిగి, పల్లంలోకి దిగింది. ఆ పల్లం ఎక్కడికి పోతుందో పగలే చూశాను... నదికి. పడవలు ఆగే చోటికి.

నాయన!

ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. మలుపు తిరిగేసరికి కనిపించాడు. రెండు చేతులూ పక్కలకు చాచి, వీపు నిటారుగా పెట్టి, పాతికేళ్ల వాడిలా విసవిసా పోతున్నాడు. ఎదురుగా రాతి మెట్లు. మెట్ల కింద నల్లటి నీళ్లు.

"నాయనా..." అన్నాను. నాకే వినపడలేదు. చుట్టూ అన్నీ నిద్రపోతున్న కిటికీలు. అంత నిశ్శబ్దంలో గొంతెత్తాలంటే ఏదో జంకు. ఆయన ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు...

అప్పుడు అరిచాను. చిన్నప్పుడు సద్ది గిన్నె నెత్తిన పెట్టుకుని నల్లమల అంచుకు పోయి, గుట్ట మీద నిలబడి పిలిచే పిలుపు. ఇవతలి గుట్ట నుంచి అవతలి గుట్టకు వినపడాలి కదా, కడుపులోంచి తియ్యాలి.

"ఓ... నాయనోయ్..."

ఆ రాతి గోడలన్నీ మారుమోగాయి. ఎక్కడెక్కడి కిటికీల్లోనో దీపాలు వెలిగాయి. ఎవరో ఏదో తిట్టారు కూడా. చప్పుడు... టక్కున ఆగిపోయింది. గంట లేదు. డెక్కలు లేవు. నది పారే చప్పుడు ఒక్కటే.

నాయన నిలబడి, మెల్లగా ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. చూడగానే మోకాళ్లు మడిచి మెట్టు మీద కూలబడ్డాడు. పోయి వాటేసుకున్నాను. ఆయన చెప్పు ఒకటి అప్పటికే నీళ్లలో తడిసింది.

"ఏంది నాయనా ఇది! ఏడికి పోతుండావు?" అని ఏడ్చాను.

"మందమ్మా. ఎనక మనిషి లేకుండా పోతాంది. ఏటి దిక్కు పోతా ఉంది. మళ్లేద్దామని వచ్చినా" అన్నాడు.

మా వైపు కాపరుల్లో అదొక కట్టుబాటు. రాత్రి మనిషి తోడు లేని మంద దాటిపోతుంటే పడుకుని వినకూడదు. ఎవరిదైనా సరే, లేచి పోయి మళ్లించాలి. తెల్లారి సొంతదారు వచ్చేదాకా కావలి కాయాలి. మా నాయన ఎన్నోసార్లు చేశాడు. మా మందకూ ఎవరెవరో చేశారు. అందుకే కిటికీ తీసి విన్న మనిషి, ఇది ఏ దేశమని ఆలోచించలేదు.

"ఈ ఊళ్లో గొర్రెలేడివి నాయనా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నువ్వు ఇనలేదా?"

"లేదు" అన్నాను. ఇంకేమనగలను?

ఆయన్ను హోటలుకు చేర్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాడు. పొద్దున నేనొక్కదాన్నే ఆ సందంతా వెతికాను. ఒక్క పెంటిక లేదు. నైటీ వాసన చూసుకున్నాను... సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఈ ఊళ్లో గొర్రెలుండేవా అని గైడ్‌ను మాటల్లో పెట్టి అడిగితే, ఒకప్పుడు ఇలాంటి ఊళ్లన్నిటిలో పశువుల సంతలు జరిగేవని చెప్పి, ఫోటోకి నిలబడమన్నాడు. నాయన నిద్రలో నడిచాడనీ, నేను భయంలో ఏదేదో విన్నాననీ మా ఆయన అంటాడు. అయ్యుండొచ్చు. మరి నా మోకాలికి తగిలింది ఏమిటో ఆయనే చెప్పాలి.

ఆ మధ్యాహ్నమే బస్సు ఆ ఊరు దాటింది. ఎండ పడి శిఖరాలన్నీ బంగారం పూసినట్టు మెరుస్తున్నాయి. ఇప్పటికీ అంత అందమైన ఊరు నేను చూడలేదు, చూస్తానని అనుకోను కూడా. నాయన కిటికీలోంచి వంతెన కనుమరుగయ్యేదాకా చూశాడు. "మంచి ఊరమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్తే భయపడవు గదా?"

"చెప్పు నాయనా."

"ఆ మందకి మనిషి లేడనుకున్నా. ఉండాడమ్మా. ముందర పోతుండాడు. నీళ్లకాడ ఎనక్కి తిరిగి... రమ్మని చెయ్యూపినాడు. నాకు కాళ్ల నొప్పి లేదు, చలి లేదు. పోదామనే అనిపించినాది." నా చెయ్యి పట్టుకున్నాడు. "అంతలో నువ్వు పిలిచినావు."

అలా అని, నా భుజం మీద తల వాల్చి, గురక పెట్టి నిద్రపోయాడు. ఇప్పుడు ఇంట్లో బాగానే తింటున్నాడు, బాగానే మాట్లాడుతున్నాడు. ముందర పోయిన మనిషి ఎలా ఉన్నాడని నేను అడగలేదు. ఇంకోసారి చెయ్యూపితే పోతావా అని కూడా... ఇంతవరకూ అడగలేకపోయాను.