సాంచలు లేని ఊళ్లో రూత్ అక్క

మధ్యాహ్నం కరెంటు పోయింది. భివండిలోని మా కామత్‌ఘర్‌లో కరెంటు పోతే ముందు తెలిసేది చెవులకే. మా ఇంటి కింద కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారిగా ఆగిపోయాయి. చుట్టుపక్కల గల్లీలు కూడా మూగబోయాయి. ఆ నిశ్శబ్దానికి ఉయ్యాలలో ఉన్న నా కూతురు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. "సాంచలు ఆగినయ్‌గా, ఇగ పండుకోదు. అచ్చం నీ లెక్కనే," అంది అమ్మ. ఆ మాటకు నాకు రూత్ అక్క గుర్తొచ్చింది.

మగ్గాల యంత్రాల గురించి చదవడానికి నేను జర్మనీలోని ఒక చిన్న ఊరికి వెళ్లినప్పుడు, రైలు స్టేషనుకొచ్చి నన్ను తీసుకెళ్లింది ఆమే. కెన్యా మనిషి, నలభై దాటిన వయసు. నా పెద్ద పెట్టెను భుజానికెత్తుకుని నాకంటే ముందే నడిచింది. మర్నాడు చూస్తే ఇంకో కుర్రాడికి పరుపు మోస్తోంది. ఆ మర్నాడు ఆఫీసులో నా కాగితాలు నింపింది. ఇంకో రోజు వంటింట్లో కుర్చీ వేసి హాస్టలు పిల్లలకు జుట్టు కత్తిరిస్తోంది. అసలు ఈమె ఉద్యోగమేమిటో నాకు అంతుపట్టలేదు. అడిగితే, క్రైస్తవ విద్యార్థుల సంఘంలో సేవ చేస్తానని, తమ దేశంలోని చర్చివాళ్లు పంపారని చెప్పింది.

ఫోనులో అమ్మకు చెప్తే నమ్మలేదు. "గట్ల ఊకెనే ఎవరు చేస్తరే? అసలామె ఏం పని చేస్తది?"

నాకూ అనుమానమే. ఏదో ఒక రోజు మతం మారమంటుందని కాచుకుని కూర్చున్నాను. శుక్రవారం బైబిలు చదువుకుంటాం, వస్తావా అని ఒక్కసారే అడిగింది. మా ఇంట్లో వేరే దేవుళ్లని బిగుసుకుని చెప్పాను. "సరే, తర్వాత భోజనాలుంటాయి, వాటికి రా," అంది. భోజనానికి మాత్రం తప్పకుండా వెళ్లాను, నాకేం సిగ్గు లేదు.

అసలు కష్టం వేరే. అక్కడ నాకు నిద్ర పట్టేది కాదు. మొదటి పరీక్షలో కళ్లు మూతలు పడి సగం పేపరు ఖాళీగా వదిలేశాను. రెండోసారి తప్పితే పెట్టె సర్దుకుని భివండి రావలసిందే. డాక్టరు చలి అన్నాడు, తోటివాళ్లు బెంగ అన్నారు. రూత్ అక్క హాస్టల్లో గోల ఎక్కువనుకుని, చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు తెచ్చింది. అవి పెట్టుకుంటే ఉన్న కాస్త నిద్రా పోయింది.

ఒక శనివారం ఆమె వంటింట్లో కూర్చుని అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నాను. అమ్మ కార్ఖానాలో ఉంది. నేను నా అలవాటు కొద్దీ అరుస్తున్నాను. రూత్ అక్క గరిటె వదిలేసి వచ్చి ఫోను దగ్గర చెవి పెట్టింది.

"ఏమిటా చప్పుడు?"

"మా ఇల్లే అక్కా."

"ఎప్పుడూ ఇంతేనా? నువ్వు నిద్రపోయేటప్పుడు కూడా?"

"ఆగితేనే లేస్తాం."

చెప్పాక గానీ నా మాట నాకే అర్థం కాలేదు. ఆమె మంట ఆపేసి నన్ను హాస్టలు నేలమాళిగకు తీసుకెళ్లింది. అక్కడ బట్టలుతికే యంత్రాలు నాలుగున్నాయి. తన దుప్పట్లు, కర్టెన్లు అన్నీ తెచ్చి వాటిలో పడేసి నాలుగూ తిప్పింది. పక్కనే మడత మంచం వేసింది. గడగడమని గోడలు అదురుతుంటే నేను పడుకున్నాను, అంతే.

లేచేసరికి సాయంత్రమైంది. ఉతికిన దుప్పట్లనే మళ్లీ మళ్లీ వేస్తూ ఆమె అక్కడే ఉంది. ఒళ్లో కాగితం. చర్చివాళ్లకు నెలనెలా పంపే నివేదిక అట. బైబిలుకు ఎందరొచ్చారు, ఎందరు ప్రార్థన చేశారు, అన్నీ గడులే.

"నిన్ను ఏ గడిలో రాయాలో తెలియడం లేదు," అంది.

నాకు జాలేసింది. "బైబిలుకు వచ్చానని రాసెయ్ అక్కా."

"రాలేదుగా!" అని నవ్వి, కాగితం అడుగున ఖాళీలో ఏదో రాసింది. వంగి చూశాను. 'ఒక అమ్మాయి నిద్రపోయింది' అని ఉంది. నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష వరకు ఆ నేలమాళిగే నా పడకగది. పాసయ్యాను. ఆమెను తర్వాత వేరే ఊరికి మార్చారు. ఆమె దేవుడు నాకు ఇప్పటికీ పెద్దగా తెలియదు. కానీ మా కార్ఖానాకు కొత్తగా ఎవరొచ్చినా, వాళ్లకేం కావాలో నేనే అనేసుకోకుండా, మీ ఇంటి దగ్గర ఎట్లా ఉంటుందని ముందు అడుగుతాను. ఆ అలవాటు ఆమెదే.

పాప ఇంకా ఏడుస్తోంది. ఉయ్యాల పక్కన కూర్చుని, చెక్కపీటను గోడకేసి సాంచె ఆడినట్టే కొట్టడం మొదలుపెట్టాను. ఖటక్ ఖటక్, ఖటక్ ఖటక్. పాప ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది, కళ్లు మూతలు పడ్డాయి. చెయ్యి నొప్పి పుడుతున్నా ఆపలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి విస్తుపోయి చూసింది. "గిదేం పనే?"

"రూత్ అక్క ఏం పని చేస్తదని అడిగినవ్ గదా అమ్మా," అన్నాను. "గిదే."