గొర్రెపిల్ల నోట్లో వేలు

నా కొడుకు రొమ్ము పట్టడం లేదని ఊరందరికీ తెలుసు. ఎందుకు పట్టడం లేదో కూడా అందరికీ తెలుసు. నాకు పాలు లేవట.

మా అమ్మ బతికి లేదు కాబట్టి కాన్పయ్యాక అత్తగారింట్లోనే ఉన్నాను, ముదిగుబ్బ పక్కన ఒక పల్లెలో. ఎండాకాలం, రేకుల గది, కిటికీకి అడ్డంగా దుప్పటి. బాలింత నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని అత్త చెంబును నాకు అందకుండా పెట్టేది. పొడి అన్నం, వెల్లుల్లి కారం. గొంతు ఎండిపోయి మాట కూడా పెగిలేది కాదు.

"తాగాకు మ్మే, పిల్లోనికి పడిశం పడ్తాది. ముందే యాడుండాయి నీకు పాలు" అనేది.

దగ్గరికి తీసుకుంటే వాడు ఆవురావురుమని నోరు తెరిచేవాడు. కాస్త చప్పరించి జారిపోయేవాడు. మళ్లీ పట్టి చిగుళ్లతో కొరికేవాడు. మొనలు పగిలి రక్తం వచ్చేది. వాడు గుటక వేసే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఏడుపే వినపడేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లంతా వాడి ముఖం కంటే నా రవికెనే ఎక్కువ చూశారు. ఒకావిడైతే చేత్తో ఒత్తి చూసి పెదవి విరిచింది. చాచి కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎందుకంటే అప్పటికి నా మీద నాకే నమ్మకం పోయింది.

దిష్టి తీశారు. వాడి మెడలో తాయెత్తు కట్టారు. చివరికి మా ఆయన డబ్బాపాలు, సీసా కొనుక్కొచ్చాడు. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ములో పట్టిన నీళ్లే మాకు దిక్కు. పాలలో కలిపే నీళ్లు కాచమని మొత్తుకుంటే కాచేవాళ్లు, సీసాను మాత్రం డ్రమ్ము నీళ్లతోనే కడిగేవాళ్లు. వాడు ఆ పాలు కూడా మూతి పక్కనుంచి కార్చుకుంటూ తాగాడు. విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో సూది వేయించినా తగ్గలేదు. కళ్లు లోపలికి పోయి, తొడల మీద చర్మం వదులైపోయింది. బిడ్డ నాకు దక్కడని తెలుస్తూనే ఉంది. పైకి అంటే నిజమైపోతుందని భయపడి అనలేదు.

ఆ పొద్దున మా మందలో ఒక గొర్రె ఈనింది. పిల్ల పొదుగు పట్టడం లేదు. నా బిడ్డను ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. మామ గొర్రె పొదుగు పిండి చూశాడు, పాలొచ్చాయి. వెంటనే పిల్లను కాళ్ల మధ్య ఇరికించుకుని దాని నోట్లో వేలు పెట్టి తడిమాడు.

"ఏం చూస్తాండావు మామా?"

"నోరు చూస్తాండా. పిల్ల కుడవకపోతే అంతా తల్లి తప్పేనా? దీని నోరు ఎట్లుండాదో చూడల్ల గదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో గొర్రెపిల్లకు జరిగిన న్యాయం నా కొడుక్కి జరగలేదు. చెయ్యి కడుక్కుని వాడి నోట్లో వేలు పెట్టాను. చిగుళ్లు నొక్కాయి, నాలుక ముందుకు రాలేదు. వాడు ఏడ్చినప్పుడు చూస్తే నాలుక కింద తెల్లటి పొర ఒకటి దాన్ని కదలనీయకుండా పట్టేసి ఉంది.

"మామా, నీ మనవని నోరు గూడా చూడు" అన్నాను.

చూశాడు. మా ఆయన్ను కేకేసి ఆటో తెమ్మన్నాడు.

అనంతపురం ఆసుపత్రిలో ముందు సెలైన్ ఎక్కించారు, చిన్న గిన్నెతో పాలు పోశారు. వాడు కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ ఆ పొర కత్తిరించింది.

"నాలుక ముందుకొచ్చి రొమ్మును అంగిటికి ఒత్తితేనే పాలొస్తాయమ్మా. ఆ ఒత్తుడుకే అంగిలి వెడల్పవుతుంది, దవడలకు బలమొస్తుంది. సీసాతో అంత పని ఉండదు. ఇప్పుడే రొమ్ము పట్టించు" అంది.

"నాకు పాల్లేవు మేడం." ఊరంతా అన్న మాట నేనే అన్నాను.

"వాడు తాగితే కదా వచ్చేది! నీళ్లు బాగా తాగుతున్నావా?"

మాతో వచ్చిన అత్త పక్కనే నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. వాణ్ని దగ్గరికి తీసుకున్నాను. పట్టాడు, వదల్లేదు. కానీ ఏమీ రావడం లేదు. వాడు చప్పరిస్తూనే ఉన్నాడు, నేను ఏడుస్తూనే ఉన్నాను. అంత చేసీ ఆలస్యమైపోయిందనుకున్నాను.

అత్త నీళ్ల బాటిల్ మూత తీసి నా నోటి దగ్గర పెట్టింది. "తాగు మ్మే" అంది. మొహం తిప్పుకుందామనుకున్నాను. దాహం ఒప్పుకోలేదు.

ఆ రోజంతా ఏమీ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో అంత గోలలోనూ, వాడి గొంతులో గుటక వినపడింది. ఒక్కటే. భ్రమేమో అనుకుని ఊపిరి బిగపట్టాను. మళ్లీ పడింది.

"అత్తా, గుటక ఇంటివా?"

ఆమె అప్పటికే లేచి నిలబడింది. ముఖం నాకు కనపడనీయలేదు.

"ఇన్న్యా మ్మే. ఉండు, ఇంగో బాటిల్ నీళ్లు పట్టుకొస్తా."