చెయ్యి జారని పిడి

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వీధిలో పూలమ్మే అక్క. గుమ్మంలో బుట్ట దించుతూనే, "సెలూన్ బాబాయ్ కొట్టు ఎత్తేస్తున్నాడంటమ్మా. నెలాఖరుకి తాళం ఓనరు చేతిలో పెట్టేస్తాడంట," అంది.

చికున్‌గున్యా జ్వరాలు మా భవానీపురంలో ఏ ఇల్లూ వదలకుండా తిరిగిన ఏడు అది. జ్వరం వారంలో పోయేది, కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండిపోయేవి. బాబాయ్‌కి కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న మంచాన పడ్డ ఏడాదంతా, ప్రతి శుక్రవారం పొద్దున్నే, పిలవకుండానే వచ్చి గడ్డం సరిచేసి వెళ్ళేవారు. నాన్న నమాజు మంచం మీదే అయినా, శుక్రవారానికి మొహం శుభ్రంగా ఉండేది. అప్పట్నుంచే ఆయన నాకు బాబాయ్.

వెంటనే వెళ్ళాను. ఆయన కొట్టు ముందు మాసిన గడ్డంతో కూర్చుని ఉన్నారు.

"ఇదేంటి బాబాయ్, ఈ గడ్డంతో వెళ్తే మా మసీదులో ముందు వరసలో నిలబెడతారు మిమ్మల్ని."

"నీకు నవ్వులాటగా ఉందమ్మా. కత్తి పర్లేదు, వేళ్ళ చివర్న ఆడుద్ది. బ్రష్షే నిలవట్లా. సన్న పిడి, పైగా తడి. పట్టు పోయింది."

"చేతిలో పోయిందేమో, మనిషిలో పోలేదుగా. ఒక్క వారం ఆగండి. పిడి నేను చేస్తా."

మా వెనక వరండాలో, కర్రని తిప్పుతూ చెక్కే నాన్న చిన్న లేత్ ఉంది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు, ఖురాను, ఉలి పట్టడం, అన్నీ ఆయనే ఇంట్లో నేర్పారు. ఆయన పోయాక మంచం కోళ్ళు, ఊయల గుబ్బలు, చపాతీ కర్రలు నేనే చేస్తున్నాను. పనికి ఆయన పెట్టిన పరీక్ష ఒకటే: "తడిమి చూడు. చెయ్యి జారితే పని అయినట్టు."

మర్నాడు చపాతీ పిండి ముద్ద పట్టుకెళ్ళి బాబాయ్ చేతిలో పెట్టాను. "వేళ్ళు ఎంత ముడుచుకుంటే అంతే ముడవండి, బలవంతం వద్దు." ఆ ముద్ద లావే నాకు కొలత.

పాత కిటికీ టేకు ముక్క బిగించి, బిస్మిల్లా అని స్విచ్ వేశాను. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పుట్టిన కరెంటుకి పక్కనున్న మా వీధికి రావడమంటే మహా బద్ధకం, కాబట్టి ఉన్నప్పుడే పని కానివ్వాలి. ఉలికి తడబాటు లేదు. నున్నబడేదాకా ఎమరీ కాగితం పట్టాను, తిరుగుతుండగానే లక్క పట్టించాను. పిడి అద్దంలా మెరిసింది. పాత బ్రష్షు కుచ్చు ఊడదీసి అందులో అతికించాను.

బాబాయ్ దాన్ని నీళ్ళలో ముంచి, సబ్బు మీద తిప్పి, తన చెంప మీద ఒక్క చుట్టు తిప్పారో లేదో, బ్రష్షు ఎగిరి మగ్గులో పడింది.

"చేపపిల్లని చేసిచ్చావమ్మా," అన్నారు. గడ్డం గీయించుకుందామని వచ్చి బల్ల మీద కూర్చున్న ఆటో ఆయన పకపకా నవ్వాడు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. మేకుకున్న కొట్టు తాళంచెవి వైపు చూశారు.

నాకు ఏడుపు రాలేదు. తప్పెక్కడో అక్కడే తెలిసిపోయింది. నాన్న పరీక్ష మంచం కోడుకి. దాన్ని ఎవరూ సబ్బు చేత్తో పట్టుకోరు. ఇక్కడ చెయ్యి జారితే పని చెడినట్టు.

రెండోది చేశాను. లావు అదే, నడుము దగ్గర మాత్రం కాస్త సన్నం, కింద బొజ్జ. లక్క లేదు, ఎమరీ లేదు. ఉలి అంచుతో వరసగా గాడి మీద గాడి తీసి, అవిసె నూనె మాత్రం పట్టించి ఆరబెట్టాను. నాన్న చూస్తే సగంలో వదిలేశావేంటనేవారు. పూర్తయిందని నాకు తెలుసు.

ఈసారి వేళ్ళు పూర్తిగా ముడవకపోయినా ఆ గాడుల్లో కుదురుకున్నాయి. బాబాయ్ ముందు తన మొహానికే నురగ పట్టించారు. మెల్లగా, మూడుసార్లు ఆగి, గడ్డమంతా గీసుకున్నారు. తువ్వాలుతో తుడుచుకుని అద్దంలో ఒకసారి చూసుకున్నారు. తర్వాత, ఆ రోజూ బల్ల మీదే ఉన్న ఆటో ఆయన వైపు తిరిగి, "రావయ్యా, కూచో. ఎంతసేపు నవ్వుతావు?" అన్నారు. ఆటో ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

నా గుండెలోంచి అల్‌హందులిల్లా అన్న మాట దానంతటదే వచ్చింది.

తాళంచెవి ఓనరుకి వెళ్ళలేదు. ఇంకా కొన్నేళ్ళు, తన ఆఖరి జబ్బు దాకా, బాబాయ్ ఆ కొట్టు నడిపారు. ఇది చదివేవారిని ఒకటే కోరుతున్నాను. రేపు పొద్దున సబ్బు నురగ మీ చెంపకు తగిలినప్పుడు, లేదా మీ ఇంట్లో ఎవరి చెంప మీదైనా కనిపించినప్పుడు, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియక్కర్లేదు. పిలవకుండా వచ్చి మంచాన ఉన్నవాడి గడ్డం సరిచేసిన మనిషి అనుకుంటే చాలు. ఎవరి గురించో పైవాడికి తెలుస్తుంది.